నాయన కరపత్రంలో మొదటి అంశం

మా నాయన ఒకప్పుడు శాసనసభకు పోటీ చేశాడంటే ఇప్పుడు నాతో పనిచేసే టీచర్లు నమ్మరు. ఏ పార్టీ అని అడుగుతారు. ఏ పార్టీ కాదు, స్వతంత్ర అభ్యర్థి, గుర్తు మంచం అనగానే నవ్వుతారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వుతాను. ఆ నవ్వు తగ్గాక మాత్రం ఆ పదిహేను రోజులూ గుర్తుకొస్తాయి, అప్పుడు నేను చేసిన పనీ గుర్తుకొస్తుంది. ఇంతవరకు దాన్ని ఎవరికీ చెప్పలేదు.

మాది బెళుగుప్ప దగ్గర ఒక చిన్న పల్లె. నాయనకు ఆరెకరాల మెట్ట పొలం ఉండేది. అందరిలాగే వేరుశనగ వేసేవాడు, అందరిలాగే వాన మొగులు కోసం ఎదురుచూసేవాడు. కానీ చుట్టుపక్కల ఆయనను రైతుగా ఎవరూ చెప్పుకునేవాళ్లు కాదు. ఆయన నీళ్లు చూసే మనిషి. బోరు వేయించాలనుకున్న వాళ్లు ముందు మా ఇంటికి వచ్చేవాళ్లు. నాయన తలస్నానం చేసి, చెప్పులు విడిచి, అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకుని వాళ్ల చేలో మెల్లగా నడిచేవాడు. కింద నీళ్లున్న చోట టెంకాయ దానంతట అది లేచి నిలబడుతుందని మావైపు నమ్మకం. అది నిలబడిన చోట ఒక రాయి పెట్టి, పసుపు కుంకుమ పూసి, దాన్ని పాయింట్ అనేవాళ్లు. రెండు మూడు రోజుల్లో బోరు బండి వచ్చి ఆ రాయి తీసి అక్కడే తవ్వేది.

ఆ టెంకాయ లేవడం చిన్నప్పుడు నా కళ్లతో చూశాను. నాయన చెయ్యి కదల్లేదు, వేళ్లు కదల్లేదు, కాయ మాత్రం తిరిగి నిలబడింది. ఆ రోజు బడికి పోయి ఎంత గొప్పలు చెప్పుకున్నానో నాకే తెలుసు. ఇప్పటికీ అదెట్లా లేచిందో నాకు తెలియదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

నాయనకు ఒక పట్టింపు ఉండేది. పాయింట్ పెట్టిన మనిషి బోరు వేసేటప్పుడు అక్కడ ఉండకూడదు. ఎంత బతిమాలినా ఉండేవాడు కాదు, రాయి పెట్టి ఇంటికి వచ్చేసేవాడు. నీళ్లు పడితే ఆ రైతు కొత్త తువ్వాలు, ఓళిగలు పట్టుకుని నవ్వుతూ వచ్చేవాడు. పడకపోతే ఎవరూ వచ్చేవాళ్లు కాదు. అందుకని మా ఇంటికి ఎప్పుడూ మంచి కబుర్లే వచ్చేవి. మా నాయన పెట్టిన బోరు తప్పిందన్న మాట నేను పదో తరగతికి వచ్చేదాకా వినలేదు.

తర్వాత కరువు ముదిరింది. నూటయాభై అడుగుల్లో పడే నీళ్లు నాలుగు వందలకు దిగాయి, ఐదు వందలకు దిగాయి. ఆపైన తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. బస్సులో పోతున్నప్పుడు కొన్ని చేలు వస్తే నాయన మొహం అటు తిప్పుకునేవాడు. నేను కిటికీలోంచి చూసేదాన్ని. ఎండిన చెట్లు, గట్టు మీద బోరుగొట్టం, దాని మూతికి అడ్డంగా ఒక బండ. ఎవరిదని అడిగితే చెప్పేవాడు కాదు.

అట్లాంటి బండలు రెండు మా మేనమామ చేలో ఉన్నాయి. మామ అంటే మా అమ్మకు సొంత తమ్ముడు. మాకు మూడు మైళ్ల దూరంలో ఉంటాడు. రెండు పాయింట్లూ నాయన పెట్టినవే, రెండింట్లోనూ దుమ్మే. ఉన్న గొర్రెలు పోయాయి, అత్త మెడలోవి పోయాయి. మిగిలింది నాలుగెకరాలు, ఒక జత ఎద్దులు. దూడలప్పటి నుంచి వాటిని చేతులతో మేపి పెంచాడు మామ. పిల్లలు లేని ఇల్లు, ఆ ఎద్దులతోనే మాట్లాడేవాడు. అలాంటివాడు వాటిని అమ్మి మూడో బోరు వేయిస్తానని కూర్చున్నాడు. నాయన వద్దన్నాడు. "మూడో దానికి పడతాది బావా, నాకు నమ్మకముండాది" అని మామ. అమ్మ ఇద్దరికీ చెప్పలేక గోడకు చెప్పుకునేది. ఆ ఎద్దులు పోతే మామకు బెంగుళూరు బస్సు ఎక్కి ఇటుకలు మోయడం తప్ప వేరే దారి లేదని మా అందరికీ తెలుసు.

రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన మొదటి శాసనసభ ఎన్నికలవి. ఒక పొద్దున తెల్లబట్టల ఆసామి ఒకాయన జీపు దిగి మా అరుగు మీద కూర్చున్నాడు.

"అన్నా, నువ్వు మా జీపులో కూసుంటే చాలు. నువ్వేమీ మాట్లాడబన్లేదు. జనానికి నీ మీద గురి ఉండాది. మేము గెలిస్తే ఊరికి పది బోర్లు. పాయింట్లన్నీ నీవే!"

మరుసటి రోజు అవతలి పార్టీవాళ్లు వచ్చారు. వాళ్లు పదిహేను బోర్లన్నారు. వేలంపాటలాగా ఉంది వ్యవహారం. నాయన ఇద్దరికీ మజ్జిగ ఇప్పించి పంపేశాడు. ఆ తర్వాత సంగటి ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు.

"పది బోర్లంట, పదైదంట" అన్నాడు అమ్మతో. "భూమిలో ఉండేది ఒగటే కుండ. పదిమంది పది గొట్టాలు పెడితే కుండ పెద్దదయితాదా?"

"అయితే ఏంజేస్తావు?"

"నేనే నిలబడతా."

అమ్మ గరిటె కింద పెట్టింది. "నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఇంట్లో విత్తనానికి చాలినన్ని కాయలు లేవు, నీకు అసెంబ్లీ కావల్నా?"

"అసెంబ్లీ ఎవురికి కావల్ల? మామూలుగా చెప్తే నా మాట ఎవురింటారు? ఎలచ్చన్లో అయితే పదైదు దినాలు నిలబడి ఇంటారు. అది చాలు నాకు."

నామినేషన్‌కు పదిమంది సంతకాలు కావాలి. పదిమందీ నాయన చేతి మీద నీళ్లు పడినవాళ్లే. గుర్తులిచ్చే రోజు నేనూ వెంట పోయాను. అక్కడి గుమాస్తాకు నాయన తెలుసు. జాబితా చూసి సంబరపడిపోయాడు. "పెద్దాయనా, టెంకాయ గుర్తు ఉండాది! నీకోసమే పెట్టినట్టుండాది, రాసుకోమంటావా?"

"అదొద్దు సార్" అన్నాడు నాయన. "ఇంకేదైనా ఇయ్యండి."

గుమాస్తాకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. చివరికి మంచం వచ్చింది. ఊళ్లో దిగగానే పక్కింటాయన, "ఏమన్నా, ఎలచ్చన్ రాకముందే మంచమెక్కితివే!" అన్నాడు. నాయన అందరికంటే ఎక్కువ నవ్వాడు.

కరపత్రం రాసే పని నాది. అప్పుడే డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నాను. ఇరవై ఒక్కేళ్లు, లోకంలో నాకు తెలియనిది లేదనుకునే వయసు. నాయన సంతకం పెట్టగలడు, బస్సు బోర్డు కూడబలుక్కోగలడు, అంతే. అరుగు మీద ఉన్న కాసిని విత్తనం కాయలు వలుస్తూ ఆయన చెప్తుంటే నేను రాశాను.

"మొదుటిది రాసుకో. ఇంగ బోర్లు వెయ్యొద్దండి. ఉండే నీళ్లు పంచుకోండి. నాలుగు చేన్లకు ఒగ మోటరు పెట్టుకునేట్లు గవర్నమెంటు సాయం జెయ్యల్ల, కొత్త బోర్లకు గాదు."

కలం ఆగిపోయింది. "నాయనా, ఓట్లడిగేటోళ్లు ఇస్తామంటారు గానీ, వద్దంటారా?"

"నేను ఓట్లడగడంలే పాపా. మాట చెప్తాండా. రాయి."

పంటల బీమా సంగతి వచ్చినప్పుడు ఆయన గొంతు పెరిగింది. మావైపు వాన దారికి అటు పడుతుంది, ఇటు పడదు. లెక్క మాత్రం మండలం మొత్తానికి ఒకటే కట్టేవాళ్లు. పక్కూళ్లో నాలుగు చినుకులు పడితే మా ఎండిన పైరు కూడా పండినట్టే లెక్క. ఊరికి ఒక లెక్క కావాలన్నాడు. పశువుల గడ్డి ఊళ్లోకే తెచ్చివ్వాలన్నాడు. "బక్క ఎద్దును ఆరు మైళ్లు నడిపిచ్చుకుని గడ్డి కాడికి పోతే, అది దావలోనే పడిపోతాది. ఈ సంగతి ఆఫీసులో కూసున్నోనికి తెల్దా?" వేరుశనగ మాని కొర్ర వెయ్యాలని, ఆ కొర్రలు గవర్నమెంటు కొని రేషను అంగట్లో ఇవ్వాలని కూడా చెప్పాడు. అక్కడ అమ్మ లోపలి నుంచి అడ్డం వచ్చింది.

"శెనక్కాయ మానేస్తే నూనె యాడిది? కొర్రలు పిండితే వస్తాదా?"

నాయన చేతిలోని కాయ వైపు చూసుకున్నాడు. "సరే, సగం చేన్లో అని రాయి పాపా. మీయమ్మ చెప్పేది నిజమే." తర్వాత బెంగుళూరు పోయేవాళ్ల పిల్లలకు ఊళ్లోనే అన్నం పెట్టి చదువు చెప్పాలన్నాడు. మా నియోజకవర్గంలో ఆ ఎన్నికల్లో ఇంత విషయమున్న కాగితం ఇంకెవరూ వేయలేదని నేను ఇప్పటికీ గట్టిగా చెప్తాను.

అచ్చు వేయించడానికి గుంతకల్లు పోయాం. నాయన ప్రెస్ బయట అరుగు మీద బీడీ ముట్టించుకుని కూర్చున్నాడు. లోపల అక్షరాలు కొట్టే ఆయన మొదటి అంశం చదివి నా మొహంలోకి చూశాడు.

"ఏమ్మా, ఇది నిజంగా వేయమంటావా? ఇది పట్టుకుని ఊళ్లల్లోకి పోతే మీ నాయన్ను రానిస్తారా? కొడ్తారు."

ద్వారంలోంచి చూస్తే నాయన ఎవరో రైల్వే ఆయనతో మాట్లాడుతున్నాడు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, చొక్కాకు పైగుండీ లేదు. ఆయనను నలుగురు నానామాటలు అనడం నా కళ్ల ముందు కదిలింది. కాగితం వెనక్కి తీసుకుని ఆ అంశం కొట్టేశాను. దాని చోట "ప్రతి రైతు పొలానికీ నీళ్లు" అని రాశాను. నీళ్లు పంచుకుంటే అందరి పొలాలకూ నీళ్లే కదా, ఇందులో అబద్ధమేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, సర్దిచెప్పుకోవడం బాగా వచ్చు.

తిరుగు బస్సులో నాయన కాగితాల కట్ట ఒళ్లో పెట్టుకుని, పైదాన్ని వాసన చూసి, చదవమన్నాడు. కాగితం కళ్ల ముందు పెట్టుకుని, ఆయన చెప్పిన పాత మాటలే చదివాను.

"బాగుండాది. మొదుటిది ఇంగోసారి చదువు."

ఇంకోసారి చదివాను. నాయన కళ్లు మూసుకుని తలాడించాడు.

మా ప్రచారానికి ఒక పాత మోపెడ్, ఒక గుడ్డసంచి, అద్దెకు తెచ్చిన ఒక బ్యాటరీ మైకు. నాయన నడిపితే నేను వెనక కూర్చునేదాన్ని. ఆయనకు నలుగురిలో నోరు పెగలదు. ముందు అందరూ చదువుకోనీ, తర్వాత మైకు పట్టుకుందామన్నాడు. అచ్చులో ఉన్న మాటకు తన నోటి మాటకంటే విలువెక్కువని ఆయన నమ్మకం. ప్రతి గడపలో దండం పెట్టి, "అంతా దీంట్లోనే ఉండాదప్పా, చదువుకోండి" అని కాగితం చేతిలో పెట్టేవాడు. వాళ్లు చదివి, నాయనను చూసి, ఎంతో ఇదిగా నవ్వేవాళ్లు. ఒక ముసలామె ఆయన చేతులు కళ్లకద్దుకుంది.

"ఎవురూ తిట్టలేదు పాపా" అన్నాడు నాయన ఐదో రోజు, ఒక బావిగట్టు మీద అన్నం మూట విప్పుతూ. "కొడతారేమో అనుకుంటి. మనోళ్లు శానా మంచోళ్లు. కష్టమైన మాటైనా అర్థం జేసుకుంటాండారు."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. రేపు చెప్దాంలే అనుకున్నాను.

మరుసటి రోజు మామ ఊరికి పోయాం. పొద్దున ఎండ ఇంకా ఎక్కలేదు. మా మోపెడ్ చప్పుడు వినగానే మామ చేతిలో పసుపు కాగితంతో వీధిలోకి పరిగెత్తుకొచ్చాడు. మా కంటే ముందే కరపత్రం ఎట్లాగో ఆ ఊరు చేరింది.

"బావా! ఇంత మాట ఏసినావు, నాకు ముందే చెప్పకూడదా? ప్రతి రైతు పొలానికీ నీళ్లని నువ్వే అంటే ఇంగ నాకు భయమేముండాది? ఎద్దులకు బేరం కుదిరింది. ఈ సంతకు తోలుకుని పోతా. ఆ వారమే బోరు బండి వస్తాది. ఈశాన్యం మూల నువ్వే పాయింట్ పెట్టల్ల."

నాయనకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. మామ చేతిలోని కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "మొదుటిది చదువు" అన్నాడు. ఐదో తరగతి చదివిన మామ వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. ప్రతి. రైతు. పొలానికీ. నీళ్లు.

నాయన నావైపు చూశాడు. ఒక్కసారే చూశాడు. ఆ చూపులో కోపం ఉండి ఉంటే ఇంత కాలం నాకు గుర్తుండేది కాదేమో.

"మైకు తే" అన్నాడు.

బడి ముందర సిమెంటు కట్ట ఉంది. నాయన దాని మీదికి ఎక్కాడు. మామే ఇల్లిల్లూ తిరిగి జనాన్ని పిలుచుకొచ్చాడు, బావ నీళ్ల గురించి మాట్లాడతాడని. నాయన మైకు నోటి దగ్గరికి పెట్టుకున్నాడు.

"అన్నా, అక్కా, అందరూ ఇనండి. ఈ కాయితంలో మొదుటి మాట తప్పు. కాయితం నాది, తప్పు నాది. నేను చెప్పేది ఇంగ ఎవురూ బోర్లు వెయ్యొద్దని."

వెనక నుంచి ఒకాయన లేచాడు. "ఏమప్పా, నువ్వేనా చెప్పేది? మా చేన్లో రాయి పెట్టింది నువ్వు గాదా?"

"నేనేన్నా. రాయి పెట్టింది నేనే. నాకు నీళ్లు కనపడవన్నా. టెంకాయ లేస్తాది. ఏంటికి లేస్తాదో నాకు తెల్దు. అది లేసిన చోట పడినాయి, పడకుండా పోయినాయి. పడినోళ్లు వచ్చి నాకు తువ్వాలు కప్పినారు. పడనోళ్లు రాలేదు. రానోళ్లను నేను తల్చుకోలేదు. బోరు బండి కాడ నేను ఏంటికి నిలబడనో తెల్సునా? అది ఆచారం గాదు. దుమ్ము లేస్తే మీ మొగాలు చూడలేను. భయం. అందుకే ఇంటికి పారిపోయేటోన్ని."

ఆ మాట నేనూ మొదటిసారి వింటున్నాను. ఇరవై ఏళ్లుగా అదొక పెద్ద నియమం అనుకుని దాని గురించి బడిలో గొప్పలు చెప్పుకున్నాను.

"మా బామ్మర్ది చేన్లో రెండు రాళ్లు పెట్టినా. రెండిట్లో దుమ్మే. మూడోది పెట్టను. ఇంగ ఎవురి చేన్లోనూ పెట్టను. ఆయప్ప పక్క చేన్లో నీళ్లుండాయి. ఇద్దురూ పంచుకుంటే ఇద్దురికీ రవంత పండుతాది. పోటీకి వేస్తే ఇద్దురివీ ఎండుతాయి. ఇదే నేను చెప్పేది. దీని మీద మీరు ఓటు ఎయ్యకపోయినా సరే."

మామకూ ఆ పక్క చేను ఆయనకూ మాటలు లేవని ఊరందరికీ తెలుసు. గట్టుకు అటూ ఇటూ పోటీలు పడి బోర్లు వేసుకున్నవాళ్లు. ఇద్దరూ ఆ గుంపులోనే చెరో కొనన తల వంచుకుని నిలబడ్డారు.

"ఇన్నేండ్లు ఏంటికి చెప్పలేదు?" అని ఒకామె అడిగింది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

"ధైర్యం చాల్లేదు తల్లీ" అన్నాడు నాయన.

కొందరు కాగితాలు అక్కడే చించి పారేశారు. ఒకాయన ఉమ్మేశాడు. మామ ఇంటివైపు నడిచాడు. ఒక పూటైనా తినకుండా ఆ ఇంటి నుంచి మేము ఎప్పుడూ తిరిగి రాలేదు. ఆ రోజు కనీసం మంచినీళ్లు తాగి పొమ్మని కూడా ఎవరూ అనలేదు.

ఊరు దాటాక వంక వస్తుంది, నీళ్లు లేని ఇసుక వంక. నాయన అక్కడ మోపెడ్ ఆపాడు. నేను అప్పటికే వెక్కివెక్కి ఏడుస్తున్నాను.

"నాయనా, నేనే మార్చినా."

"తెల్సులే."

"తిట్టు నన్ను."

"ఏమని తిట్టల్ల?" నాయన కానుగ చెట్టు నీడలో ఇసుక మీద కూలబడ్డాడు. "ముప్పై ఏండ్లు నేను జేసిందీ అదే గదా పాపా. ఎదురుగా వచ్చినోడు ఆశగా చూస్తే లేదనలేక రాయి పెట్టినా. నువ్వు కూడా నన్ను ఎవురూ ఒగ మాట అనకూడదనే గదా మార్చినావు. నా బిడ్డవే, ఎవురి బిడ్డవు?"

ఆయన తిట్టి ఉంటే నాకు అంత కష్టంగా ఉండేది కాదు. కాసేపటికి లేచి సంచి విప్పి మిగిలిన కాగితాలన్నీ నా ముందు పెట్టాడు. "పెన్ను ఉండాదా? ఉంటే సరిగా రాయి." ఆ పొద్దంతా అక్కడే కూర్చుని ఒక్కో కాగితంలో ఆ వరస కొట్టేసి, పైన చేత్తో రాశాను. బోర్లు వద్దు, ఉన్న నీళ్లు పంచుకుందాం. గాలికి ఎగరకుండా నాయన రాసినవాటి మీద గులకరాళ్లు పెడుతూ పోయాడు. నా చెయ్యి నొప్పి పుడితే నా వేళ్లు పట్టుకుని నొక్కాడు. ఆ చెట్టు కింద మేము ఇద్దరం ఉన్నంత దగ్గరగా అంతకుముందు ఎప్పుడూ లేము.

మిగిలిన రోజులు, అంతకుముందు తిరిగిన ఊళ్లన్నీ మళ్లీ తిరిగాం. అప్పుడు తెలిసింది నాకు ప్రెస్ ఆయన చెప్పింది ఎంత నిజమో. నాయనను పిచ్చోడన్నారు, అవతలి పార్టీ దగ్గర తిన్నాడన్నారు. చేతులు కళ్లకద్దుకున్న ముసలామె తలుపు వేసుకుంది. నాయన మాత్రం ప్రతి ఊళ్లో మైకు పట్టుకుని తను బోరు బండి దగ్గర నుంచి ఎందుకు పారిపోయేవాడో చెప్పాడు. నేను పక్కనే నిలబడ్డాను. రెండు మూడు చోట్ల నేనే చదివాను కూడా, ఈసారి ఉన్నదున్నట్టుగా.

మామ ఎద్దుల సంగతి మాకు తెలియలేదు. అమ్మ కబురు పంపుతానంటే నాయన వద్దన్నాడు, అడగడానికి తనకు మొగం లేదన్నాడు. సంత రోజు పొద్దుటి నుంచి అరుగు మీద కూర్చుని దారి వైపే చూశాడు. సంతకు పోయే పశువులు మా ఊరి మీదుగానే పోతాయి. మధ్యాహ్నం ఎండలో తెల్ల జతలు రెండు మూడు పోయాయి, దూరం నుంచి ఎవరివో పోల్చుకోలేకపోయాడు. ఆయన ఎన్నికల ఫలితం కోసం కూడా అంతగా చూడలేదు.

ఫలితాల సంగతి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. డిపాజిట్ పోయింది. జాబితాలో మంచం గుర్తు అన్నిటికంటే కింద ఉంది. మామ ఊళ్లో పడిన ఓట్లు చేతి వేళ్లకు కూడా రాలేదు. పక్కింటాయన ఈసారి ఏమీ అనలేదు, ఒక గంప గడ్డి తెచ్చి మా దొడ్లో వేసి పోయాడు. పాయింట్ పెట్టమని ఇక ఎవరూ మా ఇంటికి రాలేదు. అమ్మ తమ్ముడి పేరెత్తితే కళ్లు తుడుచుకునేది, నాయన లేచి బయటికి పోయేవాడు.

తొలి వాన పడిన తర్వాత, ఒక పొద్దున మామ వచ్చాడు. నడిచి వచ్చాడు, మోకాళ్ల దాకా ఎర్రమన్ను. అరుగు మీద నాయనకు దూరంగా కూర్చున్నాడు. నేను చెంబుతో నీళ్లిస్తే మొత్తం తాగి చెంబు పక్కన పెట్టాడు. అమ్మ వాకిట్లోకి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఓటు నీకు ఎయ్యలేదు బావా" అన్నాడు మామ నేలకేసి చూస్తూ. "నువ్వు బోరు వద్దంటివి. జీపులో వచ్చిన ఆయప్ప ఇస్తాననె. ఆయప్పకే ఏసినా."

"ఎయ్యకపోతే ఎయ్యకపోతివి. ఇది చెప్పేదానికి మూడు మైళ్లు నడిచి వచ్చినావా?"

"అది గాదు." మామ తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "బోరు బండోన్ని రావద్దని చెప్పినా. ఎద్దులు అమ్మలేదు."

నాయన తలెత్తి మామ వైపు చూశాడు.

"పక్క చేను ఆయప్పను నేనే పోయి పలకరిచ్చినా. దినం మార్చి దినం నీళ్లు ఒదల్తానన్నాడు. నిన్న రాగినారు ఏసినాము, ఇద్దురికీ కలిపి ఒగటే మడి."

"నిజమేనా?" అన్నాడు నాయన. మామ తలూపితే మళ్లీ అదే అడిగాడు, "నిజమేనారా?"

తువ్వాలు మొహం మీదికి లాక్కుని మా నాయన ఏడ్చాడు. ఎవరు తిట్టినా, డిపాజిట్ పోయినా ఏడవని మనిషి భుజాలు ఎగిరెగిరి పడేలా చిన్నపిల్లోడిలా ఏడ్చాడు. మామ దగ్గరికి జరిగి ఆయన వీపు మీద చెయ్యి వేశాడు. ఏమనాలో తెలియక, "ఈసారి నిలబడితే నీకే ఏస్తాలే బావా" అన్నాడు.